బంతి పట్టినవాడు, దారి చేసినవాడు

ఒక పాత ఛాయాచిత్రంతో మొదలుపెడతాను. అది 1967 డిసెంబరు 31న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, గ్రీన్ బే అనే చిన్న పట్టణంలో తీసినది. ఆనాడు అక్కడి శీతోష్ణం సున్నాకు దాదాపు 25 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉన్నది. మైదానం గడ్డకట్టి గాజుపలకలా మారింది. గ్రీన్ బే ప్యాకర్స్‌కూ డాలస్ కౌబాయ్స్‌కూ మధ్య ఛాంపియన్‌షిప్ పోటీ. ప్యాకర్స్ 14–17 తేడాతో వెనుకబడి ఉన్నారు. మిగిలినవి 16 క్షణాలు. చివరి గీతకు దూరం ఒక గజం లోపే. అంతకు ముందు రెండుసార్లు ప్రయత్నించి, కాలు జారి, దాటలేకపోయారు. ఈసారి బార్ట్ స్టార్ బంతిని ఎవరికీ అందించకుండా తానే పట్టుకొని, జెర్రీ క్రేమర్ తెరచిన సందులోకి దూకాడు. ప్యాకర్స్ 21–17తో గెలిచారు.

ఛాయాచిత్రంలో స్టార్ నేలమీద ఉన్నాడు. అతని వెనుక చక్ మర్సీన్ అనే ఆటగాడు రెండు చేతులూ ఆకాశానికి ఎత్తి ఉన్నాడు. చూసినవారందరూ అది విజయోత్సాహమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాని మర్సీన్ తరువాతి కాలంలో చెప్పిన మాట వేరు. బంతి తన చేతికే వస్తుందనుకొని అతడు ముందుకు ఉరికాడు. తీరా చూస్తే బంతి స్టార్ దగ్గరే ఉన్నది. తాను స్టార్‌ను వెనుకనుంచి తోయలేదని న్యాయనిర్ణేతలకు తెలియడం కోసం చేతులు పైకెత్తాడు. ఆనాటి నిబంధనల ప్రకారం, బంతి పట్టినవాణ్ణి సొంత జట్టువాడు తోయడం నేరం.

తోటివాడికి చేయూతనివ్వడం నేరమెలా అయింది? ఈ ప్రశ్న పట్టుకొని వెనక్కి వెళితే, ఆ ఆట చరిత్రలో సగం బయటపడుతుంది. అమెరికాలో పిల్లలున్న మనలో చాలామంది అక్కడ శీతకాలపు ఆదివారాలు ఈ ఆట ముందు కూర్చొని, ఏమీ అర్థంకాక, కాఫీ కోసం లేచి వెళ్ళినవారే. నా బోటివాడికి అది మొదట ఒక గుట్టలా పడిపోయే మనుషుల గుంపుగానే కనిపించింది. దోషం నా చూపుదే. నేను బంతిని చూస్తున్నాను. చూడవలసినది బంతి లేనివాళ్ళను.

సంగ్రహంగా ఆట స్వరూపం ఇది. జట్టుకు 11 మంది. బంతి తమ చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు సాగితే మరో నాలుగు దక్కుతాయి. బంతిని విసరవచ్చు, లేదా చేత పట్టుకొని పరుగెత్తవచ్చు. విసరడం సంగతి ఈ టపాలో నాకు అక్కరలేదు. పరుగెత్తేటప్పుడు ముందు వరుసలో నడుమ సెంటర్, అతనికి రెండు ప్రక్కల గార్డులు, వారికి ఆవల టాకిల్స్ – ఈ అయిదుగురు భారీకాయులు ఎదుటివారిని ప్రక్కకు నెట్టి దారి చేస్తారు. దీనినే బ్లాకింగ్ అంటారు. 'అడ్డుకోవడం' అని తెలుగు చేస్తే అర్థం తలక్రిందులవుతుంది. వీరు పరుగెత్తేవాణ్ణి అడ్డుకోరు. అతణ్ణి అడ్డుకోవడానికి వచ్చేవాణ్ణి అడ్డుకుంటారు. వ్యాకరణం చెప్పుకొనే రోజుల్లో ఇటువంటి వాక్యం దొరికితే పిల్లల చేత విగ్రహవాక్యం చెప్పించేవాణ్ణి.

విచిత్రమేమిటంటే, ఈ ఆట పుట్టినప్పుడు బ్లాకింగ్ అన్నదే లేదు. 1876లో అమెరికా కళాశాలలు ఇంగ్లండునుంచి రగ్బీ నిబంధనలను తెచ్చుకొన్నాయి. రగ్బీలో బంతికి ముందున్నవాడు ఆటలో లేనట్టే లెక్క. వాడు ఎదుటివాణ్ణి ముట్టుకోరాదు. 1879లో ప్రిన్స్‌టన్ జట్టు, హార్వర్డ్ మీద ఆడుతూ, బంతి పట్టినవాడికి చెరొక ప్రక్కన ఒక్కొక్క మనిషిని పరుగెత్తించింది. వారు ఎవరినీ పట్టుకోలేదు, తోయలేదు. కేవలం ప్రక్కన ఉన్నారు. అంతే, ద్వారం తెరచుకొన్నది. ప్రక్కన పరుగెత్తినవాడు మరి కొన్నాళ్ళకు ముందు పరుగెత్తాడు. నిబంధనలకు విరుద్ధమైన దానిని అందరూ చేయడం మొదలుపెట్టేసరికి అదే సంప్రదాయమైపోయింది. భాషలో అపప్రయోగాలు సాధువులయ్యే క్రమం కూడా ఇదే కదా!

1880లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ క్యాంప్ పూనికతో జట్టుకు 11 మంది అన్న నియమమూ, రెండు జట్లూ ఒక గీతకు ఇరువైపులా ఎదురెదురుగా నిలిచి బంతిని కదిలించే పద్ధతీ వచ్చాయి. 1882లో మూడు ప్రయత్నాలలో 5 గజాలు సాగాలన్న నియమం వచ్చింది. 1888లో వచ్చిన మార్పు చూడడానికి చిన్నది, ఫలితం పెద్దది. ఎదుటివాణ్ణి నడుము క్రింద, మోకాళ్ళదాకా పట్టి పడవేయవచ్చునన్నారు. ముందు వరుసవారు చేతులు చాచి అడ్డుకోరాదన్నారు. ఆరుబయట ఒంటరిగా పరుగెత్తేవాడు ఇక బ్రతికి బట్టకట్టలేడు. చేతులు చాచలేని వరుసవారు భుజం భుజం ఆనించి ముడుచుకొని నిలిచారు. విడివిడిగా ఉండవలసిన ఆటగాళ్ళు ముద్దగా మారారు. ముద్దకు తగిన ఎత్తులే తరువాత పుట్టాయి.

వాటిలో ప్రసిద్ధమైనది 1892 నవంబరు 19న మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కనిపించింది. హార్వర్డ్, యేల్ జట్ల పోటీ. ఉత్తరార్ధం మొదలయ్యేటప్పుడు హార్వర్డ్‌వారు రెండు గుంపులుగా చీలి, బంతికి చాలా వెనుక, చెరొక వైపు నిలిచారు. సంకేతం అందగానే రెండు గుంపులూ ఏటవాలుగా పరుగెత్తి వచ్చి, బంతి దగ్గర ఒక బాణపుమొనగా కలిసిపోయాయి. ఆ మొనకు లోపల, నలువైపులా మనుషుల గోడతో, చార్లీ బ్రూయర్ బంతి పట్టుకొని ఉన్నాడు. నిలుచున్న యేల్ ఆటగాడి మీదికి పరుగు వేగంతో ఉన్న గోడ వచ్చి పడింది. దీనిని కల్పించిన లోరిన్ డిలాండ్ ఎన్నడూ ఆ ఆట ఆడినవాడు కాడు. చదరంగంలో నిపుణుడు, నెపోలియన్ యుద్ధాలను శ్రద్ధగా చదివినవాడు. బలమంతా ఒక్క బిందువు మీద గుమ్మరించాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ పోటీలో గెలిచినది యేల్ జట్టే, 6–0తో. అయినా జనం గుర్తుంచుకొన్నది ఆ మొననే.

మనవారికి ఇది క్రొత్త కాదు. భీష్మపర్వంలో, తన సేన చిన్నది, కౌరవసేన పెద్దది అని ధర్మరాజు చింతిస్తూ, అల్పసంఖ్యాకులు సూచీముఖంగా మోహరించాలన్న బృహస్పతి మాటను అర్జునుడికి గుర్తుచేస్తాడు. డిలాండ్ చేసినదీ సూది మొననే. అయితే కురుక్షేత్రంలో మరణం యుద్ధనియమం. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆడినవారు చదువుకొనడానికి వచ్చిన కుర్రవాళ్ళు.

1894లో నిబంధనల సంఘం పరుగు వేగంతో వచ్చే గుంపులను నిషేధించింది. అయితే వేగాన్ని ఆపారు గాని బరువును ఆపలేదు. గార్డులనూ టాకిల్స్‌నూ వెనక్కి తెచ్చి, బంతి పట్టినవాడి చుట్టూ గుమికూర్చి, లాగుతూ తోస్తూ ముందుకు నెట్టడం కొనసాగింది. లాగడానికి వీలుగా బట్టలకు పిడులు కుట్టించుకొన్నవారు కూడా ఉన్నారు. పెట్టెకు పిడి ఉన్నట్టు మనిషికి పిడి! బంతి పట్టినవాడు ఒక ఆటగాడు కాడు, మోసుకుపోయే మూట.

1905 సంవత్సరంలో ఈ ఆటవలన 18 మంది మరణించారని చికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్క కట్టింది. వారిలో ఎక్కువమంది ఉన్నతపాఠశాలల బాలురు. ఈ సంఖ్య దగ్గర నేను కొంచెం ఆగుతాను. నలభై మంది కూర్చున్న తరగతి గదులలో జీవితం గడిపినవాడికి, 18 అంటే దాదాపు సగం బల్లలు. ఆ ఏడు అక్టోబరు 9న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిచి ఆటను సంస్కరించుకోండని హితవు చెప్పాడు. ఆయన కుమారుడు ఆ సమయంలోనే హార్వర్డ్ తొలి ఏటి విద్యార్థుల జట్టులో ఆడుతున్నాడు. ఆ హితవు వెంటనే తలకెక్కలేదు. నవంబరు 25న న్యూయార్క్‌లో యూనియన్ కళాశాల విద్యార్థి హెరల్డ్ మూర్ ఆటలో తగిలిన దెబ్బకు మరణించాడు. ఆ తరువాత కొలంబియా విశ్వవిద్యాలయం ఆటనే మానుకొన్నది. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు తిరిగి రగ్బీకి వెళ్ళిపోయాయి.

1906లో సంస్కరణలు వచ్చాయి. బంతిని ముందుకు విసరవచ్చునన్నారు. సాగవలసిన దూరాన్ని 5 నుండి 10 గజాలకు పెంచారు. ముద్దగా తోసుకుపోతే 10 గజాలు రావు గనుక జట్లు తామే విడివడి ఆడతాయని ఆశ. రెండు వరుసల మధ్య బంతి పొడవంత ఖాళీ స్థలం ఉండాలన్నారు. ఇవీ చాలలేదు. 1909లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం జట్టులోని యూజీన్ బర్న్, వర్జీనియా విశ్వవిద్యాలయం జట్టులోని ఆర్చర్ క్రిస్టియన్ రెండు వారాల తేడాలో ప్రాణాలు కోల్పోయారు. 1910లో మళ్ళీ కూర్చొని, ముందు వరుసలో ఏడుగురు తప్పక ఉండాలని, బంతి పట్టినవాణ్ణి తోయరాదని, లాగరాదని, చేతులు కలుపుకొని గోడ కట్టరాదని నిర్ణయించారు. మర్సీన్ చేతులు పైకెత్తడానికి మూలం ఇక్కడున్నది. గడ్డకట్టిన మైదానంలో ఆయన చూపిన ఖాళీ చేతుల వెనుక 58 ఏళ్ళ క్రిందటి మరణాలు ఉన్నాయి.

తోయడం పోయాక మిగిలింది ఒక్కటే: ఎదుటివాణ్ణి ఏ కోణంనుంచి కొట్టాలన్న ఆలోచన. నా దృష్టిలో ఈ ఆటకు బుద్ధి వచ్చినది ఇక్కడే. ఎదురుగా నిలిచినవాణ్ణి ఎదురుగా తోయడం కష్టం. ప్రక్కనుంచి భుజం ఆనిస్తే తేలిక. చెడుగుడులో గీత దాటివచ్చినవాణ్ణి ఎదురుగా పట్టబోయి భంగపడిన వాళ్ళందరికీ ఇది తెలుసు.

ఈ విద్యలో తొలి ఆచార్యుడు పాప్ వార్నర్. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ పాఠశాల జట్టుకు ఆయన శిక్షకుడు. అమెరికా ఆదిమజాతుల పిల్లలను ఇండ్లకు దూరంగా తెచ్చి, జుట్టు కత్తిరించి, మాతృభాష మాన్పించడానికి 1879లో పెట్టిన బడి అది. అక్కడి ఆటగాళ్ళు బరువులో పెద్ద కళాశాలలవారికి తూగరు. బరువు లేనివాడు వంచనను ఆశ్రయించక తప్పదు. బంతి ఒకవైపు పోతున్నట్టు చూపి మరొకవైపు పోవడం, గార్డును అతని స్థానంనుంచి వెనక్కి లాగి వరుస వెంట ప్రక్కకు పరుగెత్తించి దాడి జరిగేచోట మోహరించడం – వార్నర్ వీటికి ఒక రూపమిచ్చాడు. 1912 నవంబరు 9న వెస్ట్ పాయింట్‌లో కార్లైల్ బాలురు సైనిక విద్యాలయం జట్టును 27–6తో ఓడించారు. జిమ్ థోర్ప్ అటువైపు. తరువాత అమెరికా అధ్యక్షుడైన డ్వైట్ ఐసెన్‌హోవర్ ఇటువైపు. ఎవరి తండ్రితాతలు ఎవరి తండ్రితాతల తుపాకుల ముందు నిలిచారో ఆ మైదానంలో తెలియనివారు లేరు.

ఈ గార్డు ప్రక్కకు పరుగెత్తే ఎత్తుగడలో నాకు మిక్కిలి ప్రీతికరమైనది ట్రాప్. ఎదుటి వరుసలో బాగా ఉరవడి ఉన్నవాణ్ణి ఎంచుకొని, కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలివేస్తారు. దారి దొరికిందన్న సంతోషంతో అతడు నాలుగడుగులు లోపలికి వస్తాడు. సరిగ్గా అప్పుడు, తాను చూడని ప్రక్కనుంచి, గార్డు వచ్చి తాకుతాడు. అతడు ఖాళీచేసిన చోటే దారి. ఎదుటివాడి పరాక్రమమే వాడికి ముప్పు తెచ్చే ఉపాయం ఇది.

వీటిని గంభీరమైన రచనగా మలచినవాడు విన్స్ లొంబార్డి. 1936లో ఫోర్డమ్ విశ్వవిద్యాలయం ముందు వరుసలో గార్డుగా ఆడి, ఏడు నల్లరాతి దిమ్మెలు అని ప్రసిద్ధి చెందిన ఏడుగురిలో ఒకడైన మనిషి. కొంతకాలం ఉన్నతపాఠశాల ఉపాధ్యాయుడు కూడా. అందువలన నాకాయన మీద కొంత పక్షపాతం ఉన్నదని ఒప్పుకొంటాను. 1959లో గ్రీన్ బే జట్టుకు వచ్చి, స్వీప్ అన్న ఒకే ఎత్తును పదేపదే అభ్యాసం చేయించాడు. గార్డులు జెర్రీ క్రేమర్, ఫజ్జీ థర్స్‌టన్ ఇద్దరూ స్థానాలు వదిలి ప్రక్కకు పరుగెత్తి, వెనుక వచ్చే హోర్నంగ్‌కు దారి చేస్తారు. దారి ఎక్కడన్నది ముందుగా నిర్ణయించరు. అంచున ఉన్న ఆటగాడు తనకెదురైనవాణ్ణి వాడు పోదలచిన వైపుకే నెడతాడు. లోపలికి పోతానంటే లోపలికి, బయటికి పోతానంటే బయటికి. పరుగెత్తేవాడు వెలుతురు కనిపించిన చోట దూరాలి. ఆ ఎత్తు వస్తున్నదని ఎదుటివారందరికీ తెలుసు. అయినా ఆపలేకపోయారు.

ఆపలేకపోవడానికి కారణం ఎవరు? పేరు హోర్నంగ్‌కు వచ్చింది. పరుగెత్తినవాడికి గజాల లెక్క ఉన్నది. దారి చేసినవాడికి లెక్కే లేదు. 1988 జనవరి 31న సూపర్ బౌల్‌లో వాషింగ్టన్ జట్టు తరఫున టిమ్మీ స్మిత్ అనే తొలి ఏటి ఆటగాడు 204 గజాలు పరుగెత్తాడు. ఆ పోటీకి ముందు ఆ ఏటి సాధారణ పోటీలన్నింటిలోనూ కలిపి అతడు చేసినది 126 గజాలే. ఆ రోజు వాషింగ్టన్‌వారు ఎక్కువగా వాడినది కౌంటర్ అనే ఎత్తు. ఒకవైపు గార్డూ టాకిలూ ఇద్దరూ వరుస వెంట రెండవ వైపుకు పరుగెత్తి గోడ కడతారు. స్మిత్ ఆ తరువాత ఎక్కువకాలం నిలువలేదు. ఆ గజాలు ఎవరివో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

ఇంతకంటె గట్టి నిదర్శనం డెన్వర్ జట్టు. అక్కడ 1990లలో అలెక్స్ గిబ్స్ అనే శిక్షకుడు మరొక మార్గాన్ని పరాకాష్ఠకు తెచ్చాడు. దానిని జోన్ పద్ధతి అంటారు. ఇందులో 'నీకు ఈ మనిషి, నాకు ఆ మనిషి' అన్న పంపకం లేదు. అయిదుగురూ ఒక్కసారిగా ఒకే దిక్కుకు అడుగు వేస్తారు. నీ ఎదుట మనిషి ఉంటే వాడితో తలపడు. లేకుంటే ప్రక్కవాడికి ఒక భుజం సాయమిచ్చి, వాడు నిలదొక్కుకోగానే వదిలి, వెనుక వరుసలో ఉన్నవాడి మీదికి వెళ్ళు. ఈ రెండవ అడుగే ప్రాణం. అభిమన్యుడు వ్యూహం ఛేదించి లోపలికి పోగలిగాడు. వెనుకవారు రాకుండా సైంధవుడు ద్వారం మూసివేశాడు. గండి పడితే చాలదు. ఎవరో లోపలికి వెంట నడవాలి. పరుగెత్తేవాడు ఆ అలతో పాటు ప్రక్కకు సాగుతూ, గోడ ఎక్కడ చీలితే అక్కడ ఒక్కసారి కాలు నాటి లోపలికి మళ్ళుతాడు. రెండుసార్లు ఊగిసలాడితే పని చెడుతుంది.

ఈ పద్ధతిలో, ఆటగాళ్ళ ఎంపికలో ఆరవ విడతదాకా ఎవరూ కోరని టెరెల్ డేవిస్ 1998లో 2,008 గజాలు చేశాడు. అతడు గాయపడ్డాక 1999లో ఒలాండిస్ గ్యారీ 1,159. 2000లో మైక్ ఆండర్సన్ 1,487. 2002లో క్లింటన్ పోర్టిస్ 1,508. మనుషులు మారారు, గజాలు మారలేదు. డెన్వర్ ముందు వరుసవారు అప్పటి భారీకాయులకంటె తేలికవారు, చురుకైనవారు. పత్రికలవారితో మాట్లాడరాదని తమకు తాము నియమం పెట్టుకొన్నవారు.

అయితే వీరినీ నేను పూర్తిగా పొగడలేను. అల దూరంగా సాగినప్పుడు వెనుక మిగిలిన రక్షకుడు తరిమి పట్టుకోకుండా, అతని కాళ్ళ మీద పడి నేలకూల్చేవారు. నిబంధనల లోపలే. మోకాళ్ళు పోగొట్టుకొంటామని ఎదుటి జట్లు మొరపెట్టుకొన్నాయి. ఒకడు పైన పట్టుకొని ఉండగా మరొకడు క్రింద కాళ్ళను కొట్టడాన్ని 2016లో పూర్తిగా నిషేధించారు. పరుగెత్తేవాడికి చేసిన ప్రతి సాయానికీ మరెవరి శరీరమో మూల్యం చెల్లించింది. నిబంధనల గ్రంథం ఆ మూల్యాల పట్టిక.

ఇక మళ్ళీ తోయడం దగ్గరికి వద్దాం. 2005లో జాతీయ లీగు, న్యాయనిర్ణేతలు కనిపెట్టడం కష్టమన్న కారణంతో, తోయరాదన్న నియమాన్ని తొలగించింది. లాగరాదన్నది మాత్రం ఉంచింది. అదే ఏడు అక్టోబరు 15న కళాశాలల పోటీలో, నోటర్‌డామ్ మీద చివరి క్షణాలలో మ్యాట్ లైనార్ట్‌ను రెజ్జీ బుష్ వెనుకనుంచి తోసి గీత దాటించాడు. సదరన్ కాలిఫోర్నియా జట్టు 34–31తో గెలిచింది. కళాశాలల నిబంధనల ప్రకారం అది అప్పటికి నేరమే, ఈల మ్రోగలేదు. మర్సీన్ పాపం చేతులు పైకెత్తాడు, బుష్ చేతులు చాచాడు.

ద్వారం తెరచినా దాదాపు పదిహేడేళ్ళు ఎవరూ దాన్ని ఒక విద్యగా మలచలేదు. 2022లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆ పని చేశారు. గజం కావలసినప్పుడు సెంటర్ నేలకు ఆనుకొన్నంతగా వంగుతాడు. జేలెన్ హర్ట్స్ బంతి అందుకొని అతని వెంట దూరుతాడు. వెనుకనుంచి ఇద్దరు పిరుదుల మీద చేతులు వేసి తోస్తారు. దీని పేరు టుష్ పుష్. తెలుగు చేయడం నా వయసుకు మర్యాద కాదు. ఆ వరుసలోని జోర్డన్ మైలాటా సిడ్నీ నగరంలో రగ్బీ ఆడి పెరిగినవాడు. 2018లో ఎంపికయ్యేనాటికి అమెరికా ఫుట్‌బాల్ ఒక్క పోటీ కూడా ఆడలేదు. రగ్బీనుంచి విడివడిన ఆట చుట్టుతిరిగి అక్కడికే వచ్చిందా అనిపించింది. 2025 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఈగిల్స్ తొలి గోలును హర్ట్స్ ఇలాగే సాధించాడు; కాన్సస్ సిటీ మీద 40–22తో గెలిచారు.

దీనిని నిషేధించాలని ప్రతిపాదించినది ఎవరనుకొన్నారు? గ్రీన్ బే ప్యాకర్స్! 2025 మే 21న జట్ల యజమానులు ఓటు వేశారు. నెగ్గడానికి 32లో 24 కావాలి. నిషేధం కోరినవారు 22, వద్దన్నవారు 10. రెండు ఓట్ల తేడాతో తోయడం నిలిచింది. గాయాల భయమే కారణమన్నవారు ఉన్నారు, ఈగిల్స్ మీద అసూయ అన్నవారూ ఉన్నారు. తలకు రక్షణ లేని 1905నాటి బాలుర పరిస్థితి ఈనాటివారిది కాదు. కనుక ఆ మరణాలను చూపి దీనిని ఖండించడం న్యాయం కాదేమో. అయినా ట్రాప్ చూసిన కంటికి ఇది రుచించదు. అందులో ఆలోచన ఉన్నది. ఇందులో బరువు ఉన్నది.

చివరగా ఒక విన్నపం. దారి చేసేవాడికి తెలుగులో మంచి మాట కావాలి. 'అడ్డుగాడు' బాగులేదు, 'మార్గకారుడు' మరీ పాఠ్యపుస్తకపు మాటలా ఉన్నది. చెడుగుడు ఆడేచోట, ఎడ్లపందేలలో, రథం లాగేచోట, జనాన్ని తొలగించి దారి చేసేవాడికి మీ ఊళ్ళలో ఏదైనా పేరున్నదా? తెలిసినవారు వ్యాఖ్యలో వ్రాయగలరు.